మొదటి ఆవిరిబండి శిల్పి

ఆవిరిబండి యనగానే స్టీఫెన్‌సన్ పేరు స్మరించుట మనకు అలవాటైనది గాని, ఆయనకు పూర్వమే ఇనుపపట్టాలపై ఆవిరిచే బండిని లాగించిన ఘనత ఇంగ్లండు నైరుతి కొననున్న కార్న్‌వాల్ సీమలో 1771లో జన్మించిన రిచర్డ్ ట్రెవితిక్కునకే చెల్లవలెను. గనులలో నీరు తోడు యంత్రముల నడుమ పెరిగిన యీతడు, జేమ్స్ వాట్ అపాయకరమని త్రోసిపుచ్చిన అధికపీడనపు టావిరినే నమ్ముకొని, యంత్రమును చక్రములపై నిలుపదగినంత చిన్నదిగా నొనర్చెను. 1801 డిసెంబరు 24న కాంబోర్న్ కొండబాటపై అతని బండి మనుష్యులను మోసికొని యెగబ్రాకినది. కొలది దినములకే, నిప్పార్పక దానిని విడిచి అందరును విందారగించుచుండగా, నీరింకి కాలిపోయినది.

1804 ఫిబ్రవరి 21న వేల్సులోని పెనిడారెన్ కర్మాగారమునుండి 10 టన్నుల యినుమును, 5 పెట్టెలను, 70 మందిని లాగుచు, సుమారు 10 మైళ్లను 4 గంటల 5 నిమిషములలో గడచినది అతని మరియొక బండి. పని ముగిసిన ఆవిరిని పొగగొట్టములోనికి మళ్లింపగా, అది బుసలు గొట్టుచు వెడలి నిప్పును రాజవేసెడిది. ఆ బుసయే తరువాతి రైలుబండ్ల కూపిరి. పోతయినుప పట్టాలు బరువోర్వక విరిగినవి. అందులకు యంత్రమును నిందించుట అన్యాయము.

పెరూ వెండిగనుల కేగి, రిక్తహస్తములతో 1827లో తిరిగివచ్చిన యీ మహాశిల్పి 1833 ఏప్రిల్ 22న డార్ట్‌ఫర్డ్ పట్టణపు సత్రములో కన్నుమూయగా, అంత్యక్రియల వ్యయమును తోడి పనివారే భరించిరి.