తొందర వంటల చరిత్ర: తిరుత్తణి సద్ది నుంచి పట్టాభిరామ్ క్యారియర్ దాకా

ఇంతవరకూ ఈ పేజీల్లో మా ఇంటి పెళ్లి భోజనాల గురించి రాశాం, సంక్రాంతి అరిసెల గురించి రాశాం, ఆడికృత్తికకి తిరుత్తణి కొండకి మోసుకుపోయిన పులిహోర గురించి రాశాం. లెక్కేస్తే అవన్నీ సంవత్సరానికి పది పదిహేను రోజుల వంటలు. మిగతా మూడు వందల యాభై రోజులు మనవాళ్లు ఏం తిన్నారు? అది ఎవరూ రాయలేదు, మేమూ రాయలేదు.

ఈ ఆలోచన మాకు సొంతంగా వచ్చింది కాదు. ఇంట్లో చిన్నపాప ఒకరోజు అవ్వని అడిగింది. "అవ్వా, మీకప్పుడు స్విగ్గీ లేదు గదా, తొందరగా తినాలంటే ఏం చేసేవాళ్లు?" అవ్వ ఆలోచించకుండానే చెప్పింది. "తొందరగా తినాలంటే ముందురోజే చేసుకునేవాళ్లం."

ఆ ఒక్క మాట పట్టుకుని పోతే మా కుటుంబం మూడు తరాల కథ బయటపడింది. అదే ఇక్కడ రాస్తున్నాం.

ఒక పొయ్యి, రెండు పూటలు

మా పెద్దల ఊరు తిరుత్తణి తాలూకాలో ఉండేది. సేద్యం చేసుకునే ఇల్లు. పొయ్యి సరిగ్గా వెలిగేది సాయంత్రమే. పొలం నుంచి వచ్చినాక రాగి సంగటి కెలికేవాళ్లు, లేదంటే అన్నం వండేవాళ్లు. రాత్రి తినగా మిగిలిందాన్ని కుండలో వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, మూతపెట్టి పెట్టేవాళ్లు. తెల్లారేసరికి కొంచెం పులిసి ఉండేది. మజ్జిగ పోసి, ఉప్పేసి, చేత్తో పిసికి, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగేస్తే మధ్యాహ్నం దాకా కడుపు చల్లగా ఉండేది. పొద్దున పొయ్యి వెలిగించే పనే లేదు. ఇంటినుంచి పొలానికి బయల్దేరడానికి పది నిమిషాలు చాలు.

దీన్నే సద్ది అంటాం, పుస్తకాల్లో చల్ది, చద్దన్నం. పోతన భాగవతంలో కృష్ణుడు గొల్లపిల్లలతో కూర్చుని తిన్నది కూడా ఇదే. "పెద్దల మాట చద్దన్నం మూట" అనే సామెత మనందరికీ తెలుసు. రాత్రంతా నీళ్లలో నానేటప్పుడు పెరుగుని తోడుపెట్టే జాతి సూక్ష్మజీవులే అన్నాన్ని కూడా పులియబెడతాయి. అందుకే ఎండాకాలంలో కూడా అది కుళ్లకుండా పులుపు తేలుతుంది. ఫ్రిజ్ లేని రోజుల్లో వేడి దేశంలో అన్నం దాచుకునే పద్ధతి అది.

సంగటికి తోడు ఊరిబిండి ఉండేది. వేయించిన శెనక్కాయ గింజలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, చింతపండు, ఉప్పు వేసి రోట్లో దంచితే అయిపోయింది. చిత్తూరు వైపు వాళ్లకి ఆ పేరు చెప్తే చాలు, ముఖం వెలుగుతుంది.

ఊరు కదల్లేదు, రాష్ట్రం మారింది

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పటినుంచీ తిరుత్తణి దాంట్లోనే ఉండేది. ఆంధ్ర రాష్ట్రం విడిపోయినాక సరిహద్దు గొడవ నడిచింది. చివరికి పటాస్కర్ సిఫారసుల మీద 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది, సత్యవేడు వైపు పల్లెలు ఆంధ్రకి పోయాయి. మా పెద్దలు ఎక్కడికీ వలసపోలేదు. ఊరు అక్కడే ఉంది, బోర్డుల మీద అక్షరాలు మారాయి.

తరువాత బళ్లు మారాయి. 2006లో వచ్చిన తమిళం నేర్చుకునే చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. దాన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఉన్న నేల భాష పిల్లలకి రావాల్సిందే, మాకూ వచ్చు. అయితే దానితో తెలుగుకి ఇంట్లో మిగిలిన చోటు చిన్నదైపోయింది. మా పిల్లలు లెక్కలు తమిళంలోనో ఇంగ్లీషులోనో చేస్తారు, కొట్లాడుకునేది తమిళంలో. తెలుగు వినపడేది వంటింట్లోనే. అదీ పండగరోజు కంటే మామూలు రోజు పొద్దున్నే ఎక్కువ. "చారు పొయ్యి", "పప్పు ఎనుపు", "కారం ఎక్కువైందా?" ఇట్లాంటి చిన్న మాటలు.

సైరన్, బండి, క్యారియర్

దక్షిణ దేశంలో మొదటి రైలు 1856లో రాయపురం నుంచి ఆర్కాటు వైపు వాలాజా దాకా నడిచింది. అది పోయిన దారి మా పట్టాభిరామ్ మీదుగానే. కానీ ఈ చుట్టుపక్కల జనం పెరిగింది ఫ్యాక్టరీలతో. 1961లో పక్కనే ఆవడిలో ట్యాంకులు చేసే హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీ, సైన్యానికి బట్టలు కుట్టే ఫ్యాక్టరీ వచ్చాయి. 1965లో మొదటి విజయంత ట్యాంకు ఆ ఫ్యాక్టరీ గేటు దాటింది. ఆ రోజుల్లోనే తాత తిరుత్తణి నుంచి ఇక్కడికి వచ్చేశాడు.

పొలానికి గడియారం లేదు, సూర్యుడు చాలు. ఫ్యాక్టరీకి సైరన్ ఉంది, గేటు ఉంది. నిమిషం లేటైతే జీతంలో కోత. మధ్యాహ్నం ఇంటికొచ్చి తినడం కుదరదు. సద్ది కుండని చంకలో పెట్టుకుని పోలేం గదా! అక్కడినుంచి మా ఇంట్లో క్యారియర్ వంట మొదలైంది. అడుగు గిన్నెలో చిత్రాన్నం, పైన పెరుగన్నం, మూతలో ఊరగాయ ముక్క. కారిపోకూడదు, చల్లారినా రుచి పోకూడదు, సాయంత్రం దాకా చెడిపోకూడదు. ఈ మూడు షరతులకి నిలబడింది పులుపు కలిపిన అన్నమే.

1979లో సెంట్రల్ నుంచి తిరువళ్లూరు దాకా కరెంటు రైళ్లు నడిచాయి. పాతిక కిలోమీటర్ల అవతల ఉన్న మద్రాసు పనికి పొద్దున పోయి సాయంత్రం వచ్చే దూరమైంది. నాయన తరంలో ఇంట్లో ఇద్దరు ఆ బండ్లు ఎక్కినవాళ్లే. అప్పుడు క్యారియర్లు రెండయ్యాయి, తరువాత మూడు.

ఆదివారం చింతపండు గొజ్జు కాచి జాడీలో పెట్టేవాళ్లు. వారమంతా వేడన్నంలో రెండు గరిటెలు కలిపితే క్యారియర్ సిద్ధం. కందిపొడి, కరివేపాకు పొడి, పప్పులపొడి డబ్బాల్లో ఉండేవి. ఈ రోజుకీ చెన్నైలో ఆంధ్రా మెస్‌కి పోతే మొదట పెట్టేది పప్పుపొడి, నెయ్యే. తమిళ ఇళ్లల్లో కూడా దాన్ని "ఆంధ్రా పరుప్పు పొడి" అనే పిలుస్తారు.

రవ్వ వచ్చిన దారి

ఇది రాస్తున్నవాళ్లం కోలారు వైపు కన్నడ మీడియంలో చదువుకున్నవాళ్లం. తెలుగు అక్షరాలు తరువాత నేర్చుకున్నాం, తప్పులుంటే సర్దుకోండి. ఆ వైపు నుంచి వచ్చాం గనుక రవ్వ కథ మాకు కొంచెం తెలుసు.

1942లో బర్మా జపాను చేతికి పోయింది. అక్కణ్ణుంచి మద్రాసు రాజధానికి వచ్చే బియ్యం ఆగిపోయింది. రేషన్ వచ్చింది, బియ్యంతోపాటు గోధుమలూ తినాల్సి వచ్చింది. బెంగళూరులో ఎంటీఆర్ హోటలు వాళ్లు ఆ యుద్ధకాలంలోనే బియ్యం దొరక్క రవ్వతో ఇడ్లీ చేసి చూశామని చెప్పుకుంటారు. మద్రాసు రాష్ట్రంలో రేషన్‌ని 1952లో రాజాజీ ఎత్తేశారు. కానీ రవ్వ ఇళ్లల్లోంచి పోలేదు. నానబెట్టే పనిలేదు, రుబ్బే పనిలేదు, అందుకని ఉండిపోయింది. 1975లో ఎమర్జెన్సీ సమయంలో ధరల మీద ఆంక్షలొచ్చి హోటలు నడవడం కష్టమైతే, అదే ఎంటీఆర్ పొట్లాల్లో తయారీ పిండి మిక్స్‌లు అమ్మడం మొదలుపెట్టింది. ఇయ్యాల మన అంగళ్లలో కనిపించే ఇన్‌స్టంట్ పొట్లాలకి అట్లాంటి కష్టకాలం మూలం ఉంది.

ఉప్మా మాత్రం గోధుమ రవ్వ కంటే పాతది. కన్నడంలో ఉప్పిట్టు, అంటే ఉప్పు, హిట్టు. తమిళంలో ఉప్పుమా, ఉప్పు, మావు. తెలుగులో ఉప్పిండి, ఉప్పు, పిండి. మూడు భాషలవాళ్లూ ఒకే వంటకి ఒకే అర్థంతో పేరు పెట్టుకున్నారు. అవ్వ ఇప్పటికీ బియ్యపు రవ్వతో చేస్తేనే ఉప్పిండి అంటుంది, గోధుమ రవ్వైతే ఉప్మా.

పొద్దున్నే పిల్లల కడుపు నింపడం ఇంటి సమస్యే కాదని ఈ రాష్ట్రం చాలా ముందే గుర్తించింది. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు, మన తెలుగువాడే, పిట్టి త్యాగరాయ శెట్టి థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకి టిఫిన్ పెట్టించారు. తలకి ఒక అణా మించకూడదని లెక్క. తరువాత 1956లో కామరాజ్, 1982లో ఎంజీఆర్ మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్రమంతా పెంచారు. 2022 సెప్టెంబరులో ప్రభుత్వ ప్రాథమిక బళ్లల్లో పొద్దుటి టిఫిన్ కూడా మొదలైంది. అక్కడ పెట్టేవి ఉప్మా, కిచిడీ, పొంగల్, సాంబారు. పెద్ద సంఖ్యలో, తక్కువ సమయంలో, వేడిగా ఇవ్వాలంటే వాళ్లకి కూడా మన ఇళ్ల దారే దొరికింది.

రుబ్బురోలు లెక్క

ఇంతదాకా చదివితే పాతకాలమంతా సులువుగా గడిచిపోయిందని అనిపిస్తుంది. ఇక్కడే మేం ఒక తప్పు దిద్దుకోవాలి.

తాత పది నిమిషాల్లో తిని పోయేవాడని ఇంట్లో అందరం గొప్పగా చెప్పుకుంటాం. ఆ పది నిమిషాల వెనక అవ్వ ముందురోజు పెట్టిన గంటలున్నాయి. ఇసుర్రాయి మీద రాగులు విసరాలి. రోట్లో పొడులు దంచాలి. ఇడ్లీ పిండికి సాయంత్రం రుబ్బురోలు ముందు కూర్చుంటే గంట దాటేది. నీళ్లు మోసేది కూడా తనే. ఈ లెక్క ఎవరూ రాయలేదు, ఎందుకంటే రాసేవాళ్లు తినేవాళ్లే.

అవ్వ భారం తగ్గించింది మాటలు కాదు, వస్తువులు. 1955లో కోయంబత్తూరులో పి. సభాపతి కరెంటు గ్రైండర్ తయారుచేశారు. 1959 ప్రాంతంలో మన దేశంలో ప్రెషర్ కుక్కర్లు తయారయ్యాయి. మా ఇంటికి అవి చాలా ఆలస్యంగా వచ్చాయి. ముందు కుక్కర్, తరువాత మిక్సీ, చివరికి గ్రైండర్. గ్రైండర్ వచ్చిన రోజు అవ్వ ఏమందని అడిగితే, "ఏమనలే, నిద్రపోయినా" అంది.

ఇప్పుడు మా ఇంట్లో

మేం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. చేసి చూడనిదే ఏదీ నమ్మం. అందుకని మూడు వారాలు గడియారం పెట్టుకుని, కూరగాయ తరిగేదీ గిన్నె కడిగేదీ కలిపి లెక్క రాసుకున్నాం. మేం నిలబెట్టుకున్నవి ఇవి.

చిత్రాన్నం, 12 నిమిషాలు. రాత్రి అన్నం ఉంటే చాలు. నూనెలో ఆవాలు, శెనగపప్పు, శెనక్కాయలు, పచ్చిమిరప, కరివేపాకు, పసుపు వేయించి, దించినాక నిమ్మకాయ పిండి అన్నం కలపాలి. పొయ్యి మీద ఉండగా నిమ్మరసం పోస్తే చేదొస్తుంది.

ఉప్పిండి, 20 నిమిషాలు. బియ్యపు రవ్వ ఒక గ్లాసు, పిడికెడు పెసరపప్పు, నీళ్లు రెండున్నర గ్లాసులు. తిరగమోతలో మిరియాలు, జీలకర్ర. కుక్కర్లో రెండు విజిల్స్.

పచ్చిపులుసు, 8 నిమిషాలు. పొయ్యి మీద కాచే పనిలేదు. చింతపండు నీళ్లలో సన్నగా తరిగిన ఎర్రగడ్డ, కాల్చిన మిరపకాయ, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి చేత్తో పిసకాలి. ముందురోజు పప్పు మిగిలుంటే పక్కన పెట్టుకోండి.

ఆదివారం కందిపొడి, ఊరిబిండి కలిపి 40 నిమిషాలు. ఇవి రెండూ ఉంటే వారంలో రెండు రాత్రులు గడిచిపోతాయి. కందిపొడి నెలైనా ఉంటుంది, ఊరిబిండిని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తినేయాలి.

లెక్కలో తేలింది ఏమంటే, ఆదివారం ఆ 40 నిమిషాలు ఎవరో ఒకరు ఇవ్వకపోతే మిగతా వారం కుదరదు. అవ్వ చెప్పిన మాటే ఇది. కాబట్టి మా ఇంట్లో ఆ 40 నిమిషాలు వంతులు వేసుకున్నాం, మగవాళ్లతో, పిల్లలతో సహా. పప్పు వేయించేది ఒకరు, మిక్సీ పట్టేది ఒకరు. చిన్నపాప పని డబ్బాల మీద పేర్లు రాసి అంటించడం. తెలుగులోనే రాయాలి. మొదటి వారం "కందిపోడి" అని రాసింది, అట్లాగే ఉంచాం.

ఆ డబ్బాల దగ్గరే ఇంకోటి గమనించాం. పాప సద్దిని "పళయదు" అంటుంది, చిత్రాన్నాన్ని "లెమన్ రైస్" అంటుంది. మేం చిన్నప్పుడు బడిలో సద్దిని "తంగళన్న" అనేవాళ్లం, చారుని "సారు" అనేవాళ్లం. ఏ మాటా తక్కువది కాదు. కానీ అవ్వ మాట అవ్వతోనే పోతే, దాన్ని మళ్లీ ఏ బడీ నేర్పదు.

హోసూరులో, బెంగళూరులో, కోలారులో, ఇంకా దూరాన ఉన్న మనవాళ్లకి ఒక చిన్న పని చెప్తున్నాం. మీ ఇంట్లో పొద్దున తొందరలో చేసే వంట ఏంటో, దాన్ని మీ అవ్వలు, జేజమ్మలు ఏ పేరుతో పిలిచేవాళ్లో మాకు రాసి పంపండి. పండగ వంటలు వద్దు, అవి మా దగ్గర చాలా ఉన్నాయి. మంగళవారం పొద్దున ఏడు గంటలకి మీ పొయ్యి మీద ఏముంటుందో అది కావాలి. వచ్చినవన్నీ అవ్వకి చదివి వినిపించి, వచ్చే నెల ఇక్కడే పెడతాం.