అలకనందా తీరమున గుడులును వరదలును

బదరీయాత్ర చేసి వచ్చిన మనవారు తప్తకుండ స్నానమును గూర్చియు, నీలకంఠ శిఖరమును గూర్చియు, స్వామి దర్శనమును గూర్చియు ముచ్చటగా చెప్పుదురు. దారిపొడవున ప్రక్కనే ప్రవహించు అలకనందను గూర్చి చెప్పువారు తక్కువ. ఆ లోయ చరిత్రలో రాజులు చేసిన పని యెంతయో నది చేసిన పనియు నంతే. 2022వ సంవత్సరము వేసవిలో మే మాత్రోవను పోయినపుడు చూచినదియు, పిమ్మట చదివి తెలిసికొన్నదియు ఇందు వ్రాయుచున్నాము.

దేవప్రయాగయందు భాగీరథియు అలకనందయు కలిసి గంగయను పేరు దాల్చును. సంగమమునకు పైన రఘునాథస్వామి యాలయము కలదు. శ్రీవైష్ణవుల నూటయెనిమిది దివ్యదేశములలో నిది యొకటి. పెరియాళ్వారు కీర్తించిన స్థలము. తమిళనాట స్థిరపడిన మన వైష్ణవ కుటుంబములకు ఈ సంగతి క్రొత్త గాదు. బదరీనాథునకు పూజచేయు రావలు కేరళమునుండి వచ్చిన నంబూద్రి బ్రాహ్మణుడు. దక్షిణపు కొసనుండి వచ్చి, మంచుకొండల నడుమ స్వాచారమును నిలుపుకొనుచున్న ఆ పూజారులను చూచినపుడు మాకు మన కుటుంబములే తలపునకు వచ్చినవి.

దేవప్రయాగ దాటిన పిమ్మట శ్రీనగరము తగులును. కాశ్మీరములోని శ్రీనగరము వేరు, ఇది వేరు. గఢ్వాలు రాజుల కిది చాలకాలము రాజధాని. 1803లో వచ్చిన భూకంపము ఈ నగరమును కుంగదీసినది. ఆ వెంటనే గూర్ఖాలు దేశము నాక్రమించిరి. ఇంతటి పురాతన నగరమున పాత రాజభవనమెక్కడ, పాత వీథులెక్కడ అని వెదకితిమి. కానరాలేదు. కమలేశ్వరాలయము మాత్రము నిలిచియున్నది. మిగిలిన నగరమును 1894లో నది తీసికొనిపోయినది.

ఆ కథ తెలిసికొనదగినది. చమోలీకిని పీపల్‌కోటికిని నడుమ బిరహీగంగయను చిన్న యేరు అలకనందలో కలియును. 1893 సెప్టెంబరునందు గోహ్నా గ్రామమువద్ద కొండచరియ విరిగి ఆ యేటి కడ్డముగా పడినది. సుమారు తొమ్మిదివందల అడుగుల యెత్తున రాతికట్ట యేర్పడి, దాని వెనుక నీరు నిలువసాగినది. పుల్‌ఫర్డను ఇంజనీరు వచ్చి చూచి, నీరు కట్టపైకి వచ్చువరకు భయము లేదనియు, అది మరుసటి యేడు ఆగస్టు నడుమ జరుగుననియు లెక్కగట్టెను. క్రుక్‌షాంకను యువ సైనికాధికారిని కట్టవద్ద కాపలా యుంచిరి. అక్కడినుండి లోయ పొడవునా తంతి తీగ వేసిరి. వ్రేలాడు వంతెనలను విప్పి భద్రపరచిరి. వరద యెంతవరకు రావచ్చునో అంచనా వేసి, అంతకు పైయెత్తున కొండవాలులందు గుర్తురాళ్లు నాటించి, ప్రజలు వానికి పైకి పోవలెనని చాటింపించిరి.

1894 ఆగస్టు 25వ తేదీన నీరు కట్టపైనుండి పొర్లెను. ఆ రాత్రి నడిజామున కట్ట పైభాగము తెగెను. శ్రీనగరము తుడిచిపెట్టుకొనిపోయెను. ఇంత జరిగియు మరణించినవారు అయిదుగురే. కట్టదిగువనుండి పంపివేసినను తిరిగివచ్చి కూర్చున్న ఒక ఫకీరును, అతని వారును. తక్కిన లోయ జనులందరును బ్రతికి బయటపడిరి. జీవితమంతయు కాగితములతో గడిపిన మాకు ఈ వృత్తాంతము గుడి గోపురములకంటె గొప్పగా తోచినది. అధికారియొక్క లెక్కయు, తంతి యంత్రమువద్ద కూర్చున్న గుమాస్తా మేలుకువయు, మాట విని కొండయెక్కిన రైతుయొక్క వివేకమును కలిసి సాధించిన కార్యమిది. పరాయి ప్రభుత్వము చేసినదని దీనిని తక్కువ చేయనక్కరలేదు.

మిగిలియున్న చెరువు 1970 జూలై 20న వచ్చిన వరదలో పోయినది. బేలాకూచీయను యాత్రికుల మజిలీ ఆ దినముననే కొట్టుకొనిపోయెను. అడవులు నరుకుటకును ఈ వరదకును సంబంధము కలదని గోపేశ్వరమునందలి చండీప్రసాద్ భట్టు మొదలగువారు చెప్పసాగిరి. నాలుగేండ్లకు, 1974 మార్చిలో, రైణీ గ్రామమున గౌరాదేవియు తోడి స్త్రీలును చెట్లకు అడ్డముగా నిలిచి గొడ్డళ్లవారిని వెనుకకు పంపిరి. చిప్కో ఉద్యమమని మనము వినుచున్న దానిలో ముఖ్యఘట్ట మిదియే.

2013 జూన్ 17న కేదారనాథమునకు పైనున్న చోరాబారీ చెరువు తెగి మందాకినిలో పడినది. ఈ మందాకినియే రుద్రప్రయాగవద్ద అలకనందలో కలియును. ఆ విపత్తులో నాలుగువేలకు మించి జనులు మరణించిరి, లేదా కానరాకపోయిరి. తెలుగునాటి యాత్రికులును వారిలో నుండిరి. గుడి వెనుకకు దొర్లివచ్చి ఆగిన పెద్దబండ నీటిని రెండుపాయలుగా చీల్చుటచేత ఆలయము నిలిచినది. ఆ బండకు నేడు పసుపు కుంకుమలతో పూజ జరుగుచున్నది. జరుగనిండు, కాని 1894లో అయిదుగురితో తప్పిన గండము, టెలిఫోనులును విమానములును కలిగిన కాలమున వేలమందిని ఎట్లు మ్రింగినదని అడుగకుండుట మాకు సాధ్యము గాకున్నది. తెగిన చెరువు కబురు దిగువనున్నవారికి చేరలేదు.

2021 ఫిబ్రవరి 7న రైణీకి పైన కొండకొమ్మునుండి రాయియు మంచును విరిగిపడి, ఋషిగంగా ధౌలీగంగలు పొంగినవి. తపోవనమువద్ద జలవిద్యుత్ సొరంగములో పనిచేయుచున్న కూలీలకును ముందుగా మాట అందలేదు. చనిపోయినవారును కానరానివారును ఇన్నూటికి పైబడిరి. పిదప కొద్దిదినములకు, నీటిమట్టము పెరిగినచో కూతపెట్టు యంత్రము నొకదానిని రైణీ ప్రాంతమున అమర్చిరి.