పలుగూ పారా పట్టిన చదువు

ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) అనగానే కాలేజీ పిల్లలకు బ్యాడ్జీ, పలుగూ పారా, శ్రమదానం గుర్తొస్తాయి. దాని వెనుక ఇరవై ఏళ్ల తర్జనభర్జన ఉందని చాలామందికి తెలియదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తర్వాతి కాలంలో, 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షులయ్యారు. చదువుతో పాటు దేశసేవ కూడా ఉండాలి, అదీ ఇష్టపడి చెయ్యాలి అన్నది ఆనాటి సిఫారసు. గురుశిష్యుల మధ్య చనువు పెరగాలి, కాలేజీకీ ఊరికీ రాకపోకలు ఉండాలి అన్నది దాని ఉద్దేశం.

'ఇష్టపడి' అన్న దగ్గరే పేచీ వచ్చింది. 1959లో వేసిన సి.డి. దేశ్‌ముఖ్ కమిటీ, హైస్కూలు దాటిన వాళ్లంతా కాలేజీలో చేరేముందు తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా సేవ చేసి తీరాలంది. అంతమందికి తిండీ వసతీ ఎక్కడి నుంచి తేవాలి? ఖర్చు చూసి సర్కారు వెనకడుగు వేసింది. 1960లో కె.జి. సయ్యిదైన్ ఇతర దేశాల తీరు పరిశీలించి వచ్చి, బలవంతం వద్దన్నారు. ఆయన మాటే సరైనదని నా నమ్మకం. హాజరు కోసం వచ్చిన పిల్లవాడు గట్టు పోస్తాడు గానీ ఊరిని చూడడు.

చైనా యుద్ధం తర్వాత ఎన్‌సీసీ తప్పనిసరైంది. అది వద్దనుకునే వాళ్లకు మరో దారి ఉండాలని 1967లో రాష్ట్రాల విద్యామంత్రులు కోరారు. చివరికి గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. మొదట చేరింది 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులు. 'నా కోసం కాదు, నీ కోసం' అన్నది వాళ్ల నినాదం.

ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు పని, దత్తత గ్రామంలో ఏడు రోజుల క్యాంపు. పొద్దున ప్రభాతభేరి, ఆ తర్వాత శ్రమదానం, ఇంటింటి సర్వే. అసలు చదువు మొదలయ్యేది ఆ సర్వేలోనే. "మరుగుదొడ్డి ఉందా?" అని కాగితం చూసి అడుగుతుంది అమ్మాయి. "ఉంది, నీళ్లే లేవు" అంటుంది ఇంటావిడ. కాగితంలో ఉన్నది 'ఉంది', 'లేదు' అన్న రెండు గళ్లే.

ఆ జవాబును ఎక్కడ రాయాలో తోచకే ఆ పిల్ల ఆలోచించడం మొదలుపెడుతుంది. రాత్రి బడి వరండాలో ప్రోగ్రాం ఆఫీసరు అందరినీ కూర్చోబెట్టి ఇలాంటివే బయటికి తీయించాలి. వాలంటీర్లకు డైరీ పెట్టిందీ ఇందుకే. చాలాచోట్ల దాన్ని సర్టిఫికెట్టు కోసం చివర్లో ఒక్కసారే నింపేస్తున్నారు. గంటల లెక్క సరిపోతుంది. నీళ్లు లేని మరుగుదొడ్డి సంగతి మాత్రం అందులో ఉండదు, దాని గురించి పంచాయతీని అడిగే వాళ్లూ ఉండరు.