మంత్రగత్తె ఎవరు? సేలం నవల నుంచి బాణామతి దాకా

జరిగిన చరిత్రలో ఒక ముడి విప్పి, అక్కడి నుంచి లోకం ఇంకోలా నడిచి ఉంటే ఎలా ఉండేదని ఊహించే సాహిత్యాన్ని ప్రత్యామ్నాయ చరిత్ర అంటున్నారు. మత పీడనకు ఎదురు తిరిగిన యువ మంత్రగత్తెల కథలకు ఇందులో మంచి గిరాకీ ఉంది. వాటిల్లో బాగా చదివించిన నవల అలిక్స్ ఇ. హారో రాసిన 'ద వన్స్ అండ్ ఫ్యూచర్ విచెస్'. 2020లో వచ్చింది. రచయిత్రి కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి. ఆ చదువు నవలలో కనిపిస్తుంది. దీన్ని మేం ఎందుకు పరిచయం చేస్తున్నామంటే, 'మంత్రగత్తె' అనే మాట అక్కడి స్త్రీవాదులకు గౌరవ చిహ్నం, మన ఊళ్ళలో అదే మాట చావుకు ముందుమాట. ఈ తేడాను దాటేసి చదివితే నవలా అర్థం కాదు, మన పరిస్థితీ అర్థం కాదు.

కథ 1893లో న్యూ సేలం అనే ఊహా నగరంలో జరుగుతుంది. పాత సేలంను తగలబెట్టేశారు. మంత్రవిద్య నేరం. తండ్రి హింస వల్ల చెల్లాచెదురైన ముగ్గురు ఈస్ట్‌వుడ్ అక్కచెల్లెళ్ళు ఇక్కడ మళ్ళీ కలుస్తారు. పెద్దది బియాట్రిస్ గ్రంథాలయంలో పని చేస్తుంది. రెండోది ఆగ్నెస్, మిల్లు కార్మికురాలు, గర్భిణి. చిన్నది జునిపర్, కోపిష్టి. వాళ్ళు మొదట ఓటు హక్కు కోసం పోరాడే మహిళా సంఘంలో చేరతారు. సంఘం పెద్దలకు మాత్రం మంత్రగత్తెల పేరెత్తితేనే భయం. మర్యాదస్తుల ముందు పరువు పోతుందని. దాంతో అక్కచెల్లెళ్ళు వేరు కుంపటి పెట్టుకుంటారు. ఎదురుగా గిడియన్ హిల్ అనే రాజకీయ నాయకుడు, అతని వెనక చర్చి మహిళల సంఘం.

నవలలో మంత్రానికి మూడు కావాలి: మాట, సంకల్పం, మార్గం. మాటలు పుస్తకాల్లో లేవు, తగలబెట్టేశారు. అవి జోలపాటల్లో, పిల్లల ఆటపాటల్లో, అమ్మమ్మలు చెప్పే కథల్లో దాక్కుని ఉంటాయి. పాలకులకు అవి పిచ్చిపాటలు కాబట్టి వాటి జోలికి పోలేదు. ఆ లోకంలో జానపద కథలు సేకరించింది గ్రిమ్ సోదరులు కారు, గ్రిమ్ సోదరీమణులు. ఆడపిల్లకు తండ్రి ఒక పేరు పెడతాడు, తల్లి రహస్యంగా ఇంకో పేరు పెడుతుంది. రాతకు నోచుకోని జ్ఞానం నోటి మీద బతుకుతుందన్న సంగతి దళిత పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నాట్లేసేటప్పుడు పాడే పాటలో ఎంత చరిత్ర ఉందో మనకు తెలుసు.

1893 అనే సంవత్సరం ఊరికే ఎంచుకున్నది కాదనిపిస్తుంది. న్యూజిలాండ్ స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది ఆ ఏడాదే. అమెరికాలో మటిల్డా జోస్లిన్ గేజ్ 'ఉమన్, చర్చ్ అండ్ స్టేట్' అచ్చు వేసిందీ అప్పుడే. మంత్రగత్తెల వేట అంటే స్త్రీల మీద మతం సాగించిన హింసేనని ఆమె వాదించింది. చనిపోయినవాళ్ళు తొంభై లక్షలని రాసింది. ఆ అంకె తప్పు. ఐరోపాలో సుమారు మూడు శతాబ్దాల వేటలో మరణశిక్షకు గురైనవాళ్ళు 40 వేల నుంచి 60 వేల మధ్య ఉంటారని నేటి చరిత్రకారుల అంచనా. వారిలో నాలుగింట మూడొంతుల దాకా స్త్రీలు. అంకె తగ్గినంత మాత్రాన నేరం తగ్గదు. అయితే ఉద్యమంలో ఉన్నవాళ్ళం అంకెల్లో జాగ్రత్తగా ఉండాలి. ఒక్క తప్పు లెక్క దొరికితే చాలు, అవతలివాళ్ళు మొత్తం వాదనే అబద్ధమంటారు.

అసలు సేలంలో ఎవరినీ కాల్చలేదు. 1692లో 19 మందిని ఉరి తీశారు. జైల్స్ కోరీ అనే వృద్ధుణ్ణి రాళ్ళ బరువు కింద నలిపి చంపారు. ఇంకొందరు జైల్లో పోయారు. మొదట పట్టుకున్న ముగ్గురినీ చూడండి. బిచ్చమెత్తుకునే సారా గుడ్. చాలాకాలంగా చర్చికి వెళ్ళని సారా ఆస్బర్న్. మతబోధకుడు శామ్యూల్ ప్యారిస్ ఇంట్లో బానిస టిటుబా. అడిగే దిక్కు లేనివాళ్ళతోనే మొదలు పెట్టారు. టిటుబా నేరం ఒప్పుకుంది. కొట్టి ఒప్పించారని ఆమె తర్వాత చెప్పినట్టు నమోదైంది. ఒప్పుకుని ఆ మాట మీదే నిలబడ్డవాళ్ళకు ఉరి తప్పింది, చెయ్యని నేరం ఒప్పుకోనన్నవాళ్ళు ఉరికొయ్యెక్కారు. జైలు ఖర్చు కట్టడానికి ప్యారిస్ నిరాకరించాడు. ఏడాదికి పైగా మగ్గాక ఎవరో ఆ డబ్బు కట్టి ఆమెను తీసుకుపోయారు. ఆ తర్వాత రికార్డుల్లో ఆమె జాడ లేదు. ఆ రికార్డులు ఆమెను 'ఇండియన్' అన్నాయి. నల్లజాతి స్త్రీగా చూపించింది తర్వాతి సాహిత్యం. మరీస్ కొండే 1986లో ఫ్రెంచిలో ఆమెను కథానాయికగా చేసి నవల రాసింది.

హారో నవలలో నల్లజాతి స్త్రీల రహస్య సంఘం పేరు 'టిటుబా కూతుళ్ళు'. ఈ నవలలో మాకు బాగా నచ్చిన భాగం ఇదే, ఇంకా పెద్దదిగా ఉండాల్సిందని అనిపించిన భాగమూ ఇదే. క్లియోపాత్రా క్విన్ అనే నల్లజాతి పాత్రికేయురాలు బియాట్రిస్‌కు దగ్గరవుతుంది. కానీ తెల్ల స్త్రీల సంఘాన్ని తేలిగ్గా నమ్మదు. నమ్మకపోవడానికి చరిత్రలో కారణం ఉంది. లించింగ్ హత్యల మీద రాసినందుకు 1892లో మెంఫిస్‌లో ఐడా బి. వెల్స్ పత్రిక కార్యాలయాన్ని మూక ధ్వంసం చేసింది. అదే వెల్స్‌ను 1913లో వాషింగ్టన్ ఓటు హక్కు ఊరేగింపులో నల్లజాతి స్త్రీలతో వెనక నడవమన్నారు. ఆమె వినలేదు, నడిమధ్యలో ఇలినాయ్ బృందంలో కలిసింది. 1920లో రాజ్యాంగ సవరణ వచ్చినా, దక్షిణాది నల్లజాతి స్త్రీలలో అత్యధికులకు ఓటు నిజంగా చేతికందడానికి 1965 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. 'ముందు స్త్రీల సమస్య, కులం తర్వాత' అనే మాట విన్న దళిత స్త్రీలకు క్విన్ అనుమానం బాగా అర్థమవుతుంది.

నవలతో మాకున్న పేచీ ఇంకొకటి. (ఇక్కడ కథ బయటపడుతుంది, చదవాలనుకునేవాళ్ళు ఈ పేరా దాటేయండి.) గిడియన్ హిల్ చివరికి శతాబ్దాల నాటి మంత్రగాడని తేలుతుంది. అంటే పీడనంతా ఒక దుష్టుడి మీదకు పోతుంది. సేలంలో అలాంటి దుష్టుడు లేడు. ఇరుగుపొరుగు ఉన్నారు, మతబోధకులు ఉన్నారు, కోర్టు ఉంది, పొలం గట్ల తగాదాలు ఉన్నాయి.

మన దగ్గరా అంతే. తెలంగాణలో బాణామతి, చేతబడి అంటారు, ఆంధ్ర ఏజెన్సీలో చిల్లంగి అంటారు. పేరు ఏదైనా జబ్బుకు వైద్యం అందని చోట, భూమి తగాదా ఉన్న చోట, ఒంటరి మనిషి ఉన్న చోట అనుమానం వాలుతుంది. ఇక్కడ మగవాళ్ళూ బలవుతున్నారు. మెదక్ ప్రాంతంలో బాణామతి చేశారంటూ పళ్ళు ఊడగొట్టడం తెలిసిన విషయమే. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదట. నవలలో మాటకున్న శక్తి గురించి మురిసిపోతూ చదువుతున్న మాకు ఈ సంగతి గుర్తొచ్చి పుస్తకం మూసేయాల్సి వచ్చింది. అక్కడి నాయికలకు మంత్రం నిజంగా వచ్చు. ఇక్కడ దెబ్బ తిన్న మనిషికి ఏ మంత్రమూ రాదు, రాదని నిరూపించుకునే దారీ లేదు.

జాతీయ నేర గణాంకాల ప్రకారం మంత్రవిద్య కారణంగా జరిగిన హత్యలు 2021లో 68, 2022లో 85. ఇవి హత్యలుగా నమోదైనవి మాత్రమే. పళ్ళు పోయినవాళ్ళు, ఊరు వదిలిపోయినవాళ్ళు ఈ లెక్కలోకి రారు. ఎదురు నిలిచినవాళ్ళూ ఉన్నారు. ఝార్ఖండ్‌లో మంత్రగత్తె ముద్ర వేసి హింసిస్తే బయటపడి, తనలాంటి స్త్రీలకు అండగా నిలిచిన చుట్నీ మహతో, అస్సాంలో ఊరూరా తిరిగి పోరాడిన బీరుబాలా రాభా ఇద్దరికీ 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ తాము మంత్రగత్తెలమని చెప్పుకోలేదు. అసలు మంత్రగత్తెలే లేరన్నదే వాళ్ళ పోరాటం. బిహార్ 1999లో, ఝార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో దీని మీద ప్రత్యేక చట్టాలు చేశాయి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. మంత్రవిద్య చేస్తున్నారని ఆరోపించి ఎస్సీ లేదా ఎస్టీ వ్యక్తికి శారీరక హాని గానీ మానసిక వేదన గానీ కలిగిస్తే సెక్షన్ 3(1)(జెడ్‌బీ) కింద నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా శిక్ష, జరిమానా. సామాజిక బహిష్కరణ కూడా ఉంటే (జెడ్‌సీ) కలుస్తుంది. సెక్షన్ 18ఏ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. ఒక చిక్కు ఉంది. ఆరోపించినవాళ్ళు కూడా ఎస్సీ లేదా ఎస్టీ అయితే ఈ చట్టం వర్తించదు. వాడల్లో, గూడేల్లో నింద చాలాసార్లు సొంత బంధువుల నుంచే వస్తుంది కాబట్టి అప్పుడు మామూలు శిక్షాస్మృతే దిక్కు. ఇంకో సంగతి, ఫిర్యాదు రాసేటప్పుడు దెబ్బల గురించి మాత్రమే రాసి ఊరుకోవద్దు. బాణామతి, చేతబడి, చిల్లంగి, ఏ మాటతో నింద వేశారో ఆ మాటను, ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు అన్నారో సహా ఫిర్యాదులో ఉన్నదున్నట్టు రాయించాలి. ఈ సెక్షన్ నిలబడేది ఆ మాట మీదే.