పరిగి చెరువు, పరాయి పొత్తులు

హిందూపురానికి పక్కనే ఉన్న పరిగి ఇవాళ ఒక మండల కేంద్రం. కర్ణాటకలో పుట్టిన జయమంగళి నది పెన్నలో కలిసేది ఈ చుట్టుపక్కలే. ఊరి పాత పేరు పరువి. అయిదో శతాబ్దానికి చెందిన పెనుకొండ రాగిరేకుల్లో ఆ పేరు కనిపిస్తుంది. పరువి పెద్ద చెరువు కింది మళ్ళను గంగ వంశపు రాజు మాధవవర్మ ఒక బ్రాహ్మణుడికి దానమిచ్చాడని ఆ శాసనం చెబుతుంది.

చెరువు కింద మాగాణి దానమివ్వడం ఆ రోజుల్లో మామూలు సంగతే. దాత గురించి చెప్పిన మాట దగ్గరే ఎవరైనా ఆగిపోతారు. మాధవవర్మను సింహాసనం మీద కూర్చోబెట్టినవాడు పల్లవ స్కందవర్మ. మాధవవర్మ తండ్రికి పట్టం కట్టినవాడు పల్లవ సింహవర్మ. ఆ సంగతిని గంగరాజే తన శాసనంలో బాహాటంగా చెక్కించుకున్నాడు. పరువి ప్రాంతంలో అప్పటికి బాణ రాజులకు గట్టి పట్టుండేది. వాళ్ళను అదుపులో పెట్టడానికి కంచి పల్లవులకు గంగరాజులు అక్కరకు వచ్చారని చరిత్రకారుల అంచనా. అంటే పరిగి గురించి మనకు దొరికిన పాత రాతల్లో ఒకటి, ఒక పెద్ద రాజ్యం తనకు అనుకూలుడైన చిన్న రాజును గద్దె ఎక్కించిన కథ కూడా.

ఏ దేశం ఏ కూటమిలో చేరింది, ఎవరు ఎవరి మీద సుంకం వేశారు అని పొద్దున్నే పేపర్లో చదువుతున్నప్పుడు అవన్నీ ఎక్కడో ఢిల్లీ, వాషింగ్టన్, బీజింగ్‌ల సంగతులనిపిస్తుంది. పరిగి, పెనుకొండ, హిందూపురం మధ్య ఉన్న ఈ కాస్త నేల చరిత్ర తిరగేస్తే అలా అనిపించదు. దూరాన కుదిరిన ప్రతి పొత్తూ ఇక్కడి మళ్ళ దాకా వచ్చింది.

విజయనగరాన్ని నడిపిన అళియ రామరాయలు పొత్తుల విద్యలో ఆరితేరినవాడు. దక్కను సుల్తానుల్లో ఒకరిని మరొకరి మీదికి ఉసిగొల్పుతూ ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు ఏడేళ్ళు విజయనగరంలోనే తలదాచుకున్నాడు, తెలుగు కవిత్వం మీద మక్కువ పెంచుకున్నాడు, మన కవుల నోట మల్కిభరాముడయ్యాడు. బిజాపూరు అలీ ఆదిల్‌షాను రామరాయలు కొడుకుగా చూసుకున్నాడని చెబుతారు. చివరికి ఆ ఇద్దరూ అహ్మద్‌నగర్‌తో కలిశారు. పెళ్ళి సంబంధాలతో పాత పగలు చల్లారాయి. అహ్మద్‌నగర్ ఆడపడుచు చాంద్ బీబీ బిజాపూరు కోడలైంది, షోలాపూరు కోట కట్నంగా వెళ్ళింది. 1565 జనవరిలో జరిగిన యుద్ధంలో రామరాయల తల తెగింది.

ఆయన తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను ఏనుగుల మీద ఎక్కించి తెచ్చుకున్నది పెనుకొండకే. వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ 1567లో విజయనగరం వచ్చినప్పుడు, రాజు అక్కడికి ఎనిమిది రోజుల ప్రయాణంలో ఉన్న పెనుకొండకు మకాం మార్చిన సంగతి రాశాడు. గుర్రాల సంగతి కూడా రాశాడు. పోయిన సైన్యాన్ని మళ్ళీ నిలబెట్టడానికి తిరుమలరాయలు గోవా వైపు వర్తకులను గుర్రాలు తెమ్మని ప్రోత్సహించాడు. సరుకు చేతికి వచ్చాక డబ్బివ్వకుండా వాళ్ళను ఉత్త చేతులతో పంపాడు. విజయనగరం కూలాక పోర్చుగీసు వారి గోవా వ్యాపారం కూడా దెబ్బతింది. తుంగభద్ర ఒడ్డున ఒక రాజధాని పడిపోతే అరేబియా సముద్రం మీద ఓడల లెక్క తప్పింది.

తర్వాతి ఇరవై ఏళ్ళలో పెనుకొండ చూసిన మలుపులు తక్కువేమీ కాదు. 1576లో బిజాపూరు సేన కోటను ముట్టడిస్తే తిరుమలరాయల కొడుకు శ్రీరంగరాయలు గోల్కొండ సాయం కోరాడు. బిజాపూరు వెనుదిరిగింది. మూడేళ్ళు తిరగకుండానే, సాయం చేసిన ఆ గోల్కొండే అహోబిలం మీదికి దండెత్తింది. ఆ తర్వాత గోల్కొండ మహమ్మద్ కులీ పెనుకొండనే చుట్టుముట్టాడు. శ్రీరంగరాయల తమ్ముడు వెంకటపతిరాయలు సంధి మాటలాడాడు. ఆ మాటల నడుమ దొరికిన కొద్ది రోజుల్లో కోటలోకి తిండిగింజలు, మందుగుండు, సైనికులు చేరిపోయారు. వానాకాలం ముంచుకొచ్చింది. కృష్ణ పొంగితే తిరుగుదారి మూసుకుపోతుందని కులీ సేనతో వెనక్కి మళ్ళాడు.

కోట కింద ఇప్పటికీ నిలిచి ఉన్న గగన్‌మహల్ ఆ కాలాన్ని కళ్ళకు కడుతుంది. గోడల్లో వరసగా మొనదేలిన కమానులు, సుల్తానుల మహళ్ళలో కనిపించే తీరు. తలెత్తితే గుడి విమానంలా అంచెలంచెలుగా లేచిన శిఖరం. సుల్తానుల ముట్టడులు చూసిన ఊళ్ళో, రాజు ఇంట్లోనే, సుల్తానుల శైలి. ఇక్కడ శత్రువుకూ చుట్టానికీ మధ్య గీత ఎంత పలచనో ఆ రాళ్ళు చూస్తే తెలుస్తుంది.

పద్దెనిమిదో శతాబ్దానికి ఆటగాళ్ళు మారారు. గుత్తి కోట నుంచి మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఈ సీమను ఏలాడు. హిందూపురానికి ఆ పేరు ఆయన తండ్రి హిందూరావు మీదుగా వచ్చిందని గెజిటీర్లు రాశాయి. మురారిరావు దగ్గర అమ్మకానికి ఉన్న సరుకు రౌతుల దళం. 1751లో ఆర్కాటు కోటలో రాబర్ట్ క్లైవు చిక్కుకున్నప్పుడు మురారిరావు సైన్యంతో దగ్గర్లోనే ఉండి, ఎవరిది పైచేయి అవుతుందో చూశాడు. ఇంగ్లీషువాళ్ళు తట్టుకుని నిలబడ్డాకే వాళ్ళ పక్షాన కదిలాడు. మరుసటి ఏడాది ముగిసేలోగా ఫ్రెంచి డూప్లే వైపు చేరాడు. యూరపులో రెండు దేశాల పోటీకి పెన్న ఒడ్డు నుంచి గుర్రాలు వెళ్ళాయి. 1776లో హైదర్ అలీ గుత్తి కోటను పట్టుకున్నాడు. కోటలో నీళ్ళు నిండుకోవడంతో మురారిరావు లొంగిపోయాడు, కబ్బాలదుర్గం చెరలో కన్నుమూశాడు.

హైదర్ కొడుకు టిప్పు చూపు ఇంకా దూరం పోయింది. 1788లో ఆయన రాయబారులు ఫ్రాన్సులోని వెర్సాయిలో పదహారో లూయీని కలిశారు. అడిగిన సైన్యం రాలేదు. పదేళ్ళ తర్వాత మారిషస్ నుంచి వచ్చిన వాలంటీర్లు వంద మందికి మించలేదు. ఆ చిన్న దళం వచ్చిన కబురు, 1798లోనే నెపోలియన్ ఈజిప్టులో దిగిన వార్త, గవర్నర్ జనరల్ వెల్లస్లీకి కావలసిన సాకు అందించాయి. ఆయన నిజాంతో సైనిక ఒప్పందం చేసుకుని, హైదరాబాదులో ఫ్రెంచి అధికారుల కింద ఉన్న పటాలాలను ఆ అక్టోబరులో నిరాయుధం చేయించాడు. 1799 మే 4న టిప్పు రాజధాని శ్రీరంగపట్నం పడిపోయింది.

టిప్పు మీద గెలిచినందుకు 1792లోనూ 1799లోనూ నిజాంకు వాటాగా వచ్చిన భూమిలో ఈ సీమ ఉంది. అది ఆయన చేతిలో ఎన్నాళ్ళో నిలవలేదు. తన రాజ్యంలో ఉంచిన ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800 అక్టోబరు 12న ఆ భూములన్నీ కంపెనీకి రాసిచ్చాడు. అప్పటి నుంచి బళ్ళారి, కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాలకు దత్తమండలాలు అన్న పేరు పడింది. శిస్తు కట్టే రైతును అడిగినవారు లేరు. మొదటి కలెక్టరు థామస్ మన్రో ఏడేళ్ళు ఇక్కడ ఉండి పాళెగాళ్ళను అణిచాడు, భూములు కొలిపించాడు, రైతు పేరు మీద శిస్తు రాయించాడు. ఏ పటాలానికి ఆ డబ్బు పోతుందో పరిగి రైతుకు తెలిసే వీల్లేదు.

పేరు మాత్రం జనాన్ని వదలకుండా నొప్పించింది. ఎవరో ఎవరికో ధారపోసిన సీమ అని పిలిపించుకోవడం తమకు అవమానమని 1928లో నంద్యాలలో కూడిన పెద్దలు భావించారు. అనంతపురంలో ఉన్న పండితుడు చిలుకూరి నారాయణరావు అక్కడే రాయలసీమ అనే పేరు సూచించారు. నూట ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత ఇక్కడివాళ్ళు తమ నేలకు తామే పేరు పెట్టుకున్నారు. 1937లో కోస్తా నాయకులతో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమ ఒక పక్షంగా కూర్చుని తన షరతులు తానే చెప్పింది.

సొంత గొంతు ఉన్న పొత్తు ఎలా ఉంటుందో హిందూపురం మళ్ళీ 1980లలో చూసింది. తెలుగువారి ఆత్మగౌరవం, రెండు రూపాయలకు కిలో బియ్యం అని జనంలోకి వెళ్ళిన ఎన్.టి. రామారావును ఈ నియోజకవర్గం 1985, 1989, 1994లలో గెలిపించింది. ప్రాంతీయ పార్టీలను ఢిల్లీలో ఒక చోట చేర్చిన నేషనల్ ఫ్రంట్‌కు ఆయనే అధ్యక్షుడు. జనాన్ని నేరుగా పలకరించే ఆ రాజకీయానికి బలమూ ఉంది, బలహీనతా ఉంది. 1995లో ఆయన్ను పదవి నుంచి దించినవాళ్ళు ఆయన సొంత పార్టీ శాసనసభ్యులే.

ఇప్పుడు పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 536 ఎకరాల్లో దక్షిణ కొరియా కంపెనీ కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికి వచ్చింది. ఏటా మూడు లక్షల కార్లు తయారు చేసే స్థోమతతో దాన్ని కట్టారు. ఆ 2017లోనే అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థ థాడ్‌ను దక్షిణ కొరియా తన గడ్డ మీద పెట్టుకుందని చైనా మండిపడింది. చైనాలో హ్యుందాయ్, కియా కార్ల అమ్మకాలు ఒక్కసారిగా పడిపోయాయి. భారత్ మార్కెట్ మీద కియా కన్ను అంతకుముందు నుంచే ఉన్నా, ఒకే దేశాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో ఆ ఏడాది కొరియా కంపెనీలకు బాగా తెలిసొచ్చింది.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఎక్కువగా వణికిన రంగాల్లో రెడీమేడ్ దుస్తులు ఒకటి. హిందూపురం చుట్టుపక్కల గార్మెంట్ ఫ్యాక్టరీల్లో మిషన్ల ముందు కూర్చునే వాళ్ళలో ఎక్కువ మంది పల్లెల ఆడవాళ్ళే. ఒకప్పుడు చెరువు కింద నాట్లు వేసిన ఇళ్ళ నుంచి ఇప్పుడు తెల్లవారకముందే టిఫిన్ డబ్బాలతో బస్సు ఎక్కుతున్నారు. ఢిల్లీ, వాషింగ్టన్‌ల మధ్య బేరం ఎటు తెగినా, ఓవర్‌టైము ఉంటుందో లేదో ముందుగా తెలిసేది వాళ్ళకే.