పురుషుల పరిమళము: విజయనగరపు లేపము, నేఁటి సీసా



పెండ్లియింటి వాకిటఁ బన్నీరు చిలికించుకొనుటకు సిగ్గుపడు పెద్దమనిషి మనలో లేఁడు. గంధపుగిన్నె యెదుటికి రాఁగానే ముంజేయి చాఁచుదుము. ఆ మనమే యింటికి వచ్చి, మనుమఁడు చొక్కాపైఁ జిమ్ముకొన్న సెంటు సోఁకఁగానే "మగవాఁడవై యిదేమి వేషమురా" యని గద్దింతుము. నేనును గద్దించినవాఁడనే. నా మనుమఁడు బదులు పలుకక సీసాను నా బల్లపైఁ బెట్టి పోయెను. పిల్లలకుఁ జరిత్రము చెప్పి బ్రదికినవాఁడను. విచారింపక తీర్పు చెప్పుట తగదని తోఁచి, మన తాతలు మేన నేమి పూసికొనిరో చూడఁబూనితిని.

ముందు శాస్త్రపు మాట. మనుస్మృతి రెండవ యధ్యాయము బ్రహ్మచారికి గంధమాల్యములను నిషేధించినది. కొందఱు దీనినే చూపి సుగంధము పురుషునకుఁ దగదందురు. నిషేధము విద్యార్థికే గాని గృహస్థునకుఁ గాదు; పైఁగా, లోకమున వాడుక లేని వస్తువును నిషేధింపవలసిన పని స్మృతికారునకు లేదు. 6వ శతాబ్దమున వరాహమిహిరుఁడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక యధ్యాయమునే కేటాయించెను. పదునాఱు ద్రవ్యములలో నాలుగేసి యెన్నుకొన్నచో 1,820 కూటములగునని, వాని పాళ్ళు మార్చినచో 1,74,720 పరిమళములు పుట్టునని యాతని లెక్క. గణితోపాధ్యాయులు ఈ లెక్కను దరగతిలోఁ జెప్పిన, మధ్యాహ్నపువేళ సైతము బాలురు నిదురపోరు. కల్యాణి చాళుక్యరాజగు మూఁడవ సోమేశ్వరుఁడు (1126–1138) తన మానసోల్లాసమున మేనిపూఁతను రాజభోగములలో నొకటిగా వర్ణించెను.

మన తెలుఁగునాఁట కొండవీటి కుమారగిరిరెడ్డి 14వ శతాబ్దపుఁ దుదిని వసంతోత్సవములకుఁ బేరుపడి కర్పూరవసంతరాయఁడను బిరుదు వహించెను. ఆ రాజునకు సుగంధద్రవ్యములు తెచ్చి యిచ్చిన వర్తకుఁడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుఁడు హరవిలాసమును ఆతనికే యంకితమిచ్చెను. కర్పూరము, కస్తూరి బేరమాడిన సెట్టికి శివకథలు దక్కినవి!

ఇఁక మన చేరువకు వత్తము. ఆలూరు 1953 వఱకును బళ్లారి జిల్లాలోనిదే. హంపి మనకుఁ బరాయిచోటు కాదు. 1443లో హీరాతునుండి రాయబారియై వచ్చిన అబ్దుర్ రజాకు, విజయనగరమున గులాబులు ఎల్లెడల నమ్ముచుండిరనియు, ఆ జనులకు అవి యన్నమువలె నావశ్యకములనియు వ్రాసెను. దేవరాయలు ఆతనిని సాగనంపుచుఁ దాంబూలముతోడను 500 పణములతోడను గర్పూరమును గూడ నిచ్చెనఁట. ఆ తరువాత, కృష్ణదేవరాయల కాలమున, పోర్చుగీసువాఁడు దువార్తె బర్బోసా 1516 ప్రాంతమున వ్రాసిన గ్రంథములో విజయనగరపుఁ బురుషుల యలంకారమును వర్ణించుచు వారి పూఁతను గూడఁ జెప్పినాఁడు. తెల్లచందనము, అగరు, కర్పూరము, కస్తూరి, కుంకుమపువ్వు: ఈ యైదింటిని మెత్తఁగా నూఱి, పన్నీటఁ గలిపి, స్నానానంతరము మేన నలఁదికొనెడివారు. నేను వెదకిన పురుషపరిమళ మిదియే.

దీనిని "మన సొత్తు" అని ఱొమ్ము విఱుచుకొనుటకు ముందు వస్తువుల పుట్టిల్లు చూడుఁడు. చందనమొక్కటే మన పొరుగున మైసూరుసీమది. అగరు అస్సామునుండియు, దానికిఁ దూర్పుదేశములనుండియు రావలెను; మ్రానికి గాయమై, బూజు పట్టి, లోపల జిగురు ఊరినఁ గాని యది పరిమళింపదు. మేలికర్పూరము సుమత్రా, బోర్నియో దీవులది. కస్తూరి హిమాలయములది, కుంకుమపువ్వు కాశ్మీర పారసీకములది. ఓడలును ఒంటెలును బండ్లును లేనిదే హంపిలో నొక్కని ముంజేయియుఁ బరిమళించి యుండదు. (కడప కొండల యెఱ్ఱచందనమును ఇందుఁ జేర్పకుఁడు. దానికి రంగు గలదు గాని వాసన లేదు. ఈ రెంటిని ఒకటిగాఁ దలఁచు చదువరులు నేఁటికిని గలరు.)

లేపము గుణమును గ్రంథములోఁ జదివి తెలిసికొనుట చాలదు. మొన్న వైశాఖమున సానపై నరగంటసేపు చందనము తీసి, పచ్చకర్పూరము చిటికెఁడు, కుంకుమపువ్వు నాలుగు రేకులు నూఱి పన్నీటఁ గలిపితిని. అగరు నాకు దొరకలేదు. కస్తూరికి బదులు కస్తూరిబెండ గింజలు వేసితిని. హారతికర్పూరమును వాడలేదు, అది నేఁడు టర్పెంటైను నూనెనుండి కార్ఖానాలలోఁ జేయునది, మేనికిఁ దగదు. ఎడమచేతికి లేపము, కుడిచేతికి మనుమని సీసా, ఇంటివారు నవ్విరి.

ఆ సీసా పేరు ఓ సొవాజ్, అనఁగా వన్యజలము. పారిసు నగరమున దుస్తులకుఁ బేరెన్నికగన్న క్రిస్టియన్ డియోర్ గృహమువారు 1966లో వెలువరించినది. కూర్చినవాఁడు ఎద్మోన్ రుద్నిత్స్కా. అంతకు ముందు 1882లో ఊబిగాన్ సంస్థవారి ఫుజేర్ రోయాల్ అను పరిమళమున, ఎండుగడ్డి వాసనగల కూమరిన్ అను వస్తువును రసాయనశాలలోఁ జేసి కలిపిరి. గడ్డివాములో నిదురించిన మనకుఁ గొత్తగాని యా వాసనకు దొరసానులు, దొరలు సొమ్ము పోసిరి. ఓ సొవాజునందు మొదట నిమ్మజాతి వాసన, వెనుక మల్లెకు సంబంధించిన హెడియోన్ అను కృత్రిమద్రవ్యము, అడుగున వట్టివేరు గలవు. వెటివెర్ అని వారు పలుకునది మన దక్షిణాది మాటయే.

ఆలూరి యెండలో సారాయముతోఁ గూడిన నిమ్మ గడియ నిలువలేదు. తరువాత మిగిలిన మల్లె, వేరు వాసనలు నిర్మలములు. మధ్యాహ్నము దాఁక హుందాగానే నిలిచినవి. ఇందులో వేషమేమియు నాకుఁ గానరాలేదు. కాని క్షౌరము చేసికొన్న చెంపపై అది నిప్పువలె మండును. లేపమో, మొదట కర్పూరము ఎగిరిపోవుచుఁ జేయి చల్లఁబఱచెను. గులాబి వెంటనే పోయెను. చందనము సాయంకాలము వఱకు నుండెను. చందనపు నూనె మెల్లఁగా నావిరియగును గనుక తక్కినవానిని సైతము పట్టి యుంచును. ఆ వాసన దూరము పోదు. ప్రక్కఁ గూర్చున్నవానికే తెలియును. ఇదియే నాకు నచ్చిన గుణము. అయితే పూఁత యెండి పగిలి రాలినది, కుంకుమపువ్వు పసుపు అంగవస్త్రమునకు అంటి నేఁటికిని వదలలేదు. దినదినము అరగంట సాన తీయుటయు నెవ్వరి పని? నేనొక్కనాఁడు తీసి భుజము పట్టుకొంటిని. హంపి సామంతునకు ఆ పని వేఱొకరు చేసియుందురు. వారి మేన నేమి యలఁదికొనిరో బర్బోసా వ్రాయలేదు.

కస్తూరి సంగతియుఁ జెప్పవలెను. మగమృగపు బొడ్డుదగ్గఱి తిత్తిలో దొరకునది సుమారు 25 గ్రాములు. దానికై మృగమును జంపెడివారు. 1972 వన్యప్రాణి చట్టము దానిని నిషేధించినది. కృత్రిమకస్తూరి 1888లోనే బౌర్ అను జర్మనీ రసాయనికునకు, ప్రేలుడు పదార్థములను శోధించుచుండఁగా యాదృచ్ఛికముగా దొరకినది. పరిమళము బాగున్నదా యని తూఁచునప్పుడు ఈ జంతువు ప్రాణమును గూడఁ దక్కెడలో వేయక తప్పదు. వేసిన, ఈ విషయమున సీసావైపే మ్రొగ్గును. లేపమునందు నాకెంత యిష్టమున్నను నేనిది కాదనలేను.

సీసాను మనుమని గదిలోఁ బెట్టి వచ్చితిని. "ఎట్లున్నది తాతా?" యని వాఁడడిగెను. "సగము చిమ్ముకొమ్మురా, వీథి చివరకుఁ దెలియనక్కఱలేదు" అంటిని. వాఁడు నా యెడమచేయి వాసన చూచి, మిగిలిన గంధమేదియని సానవైపు చూచెను.