గల్ఫ్, సింగపూర్ ఫ్లైట్ ఎక్కుతున్నారా? సిక్కోలు, విజయనగరం వాసులు ముందే చూసుకోవాల్సినవి ఇవే!

వందేళ్ల కిందట కళింగపట్నం, భీమిలి రేవుల నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లారు ఉత్తరాంధ్ర జనం. ఇప్పుడు ఓడ బదులు విమానం. రంగూన్ బదులు దుబాయ్, దోహా, రియాద్, సింగపూర్. ఉద్దానంలోని ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస వైపు ఏ ఊరికెళ్లినా వెల్డరుగానో, ఫిట్టరుగానో, రిగ్గరుగానో బయటి దేశంలో ఉన్నోళ్లు కనిపిస్తారు. అప్పు చేసి, పొలం తాకట్టు పెట్టి వెళ్లేవాళ్లే ఎక్కువ. అందుకే ఒక్క కాగితం తేడా వచ్చినా దెబ్బ ఇల్లంతటికీ తగులుతుంది. బయల్దేరే ముందు ఏం చూసుకోవాలో ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

పాస్‌పోర్టు: చివరి పేజీ చూశారా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు విశాఖపట్నం ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలోకి వస్తాయి. రెండు జిల్లా కేంద్రాల్లోనూ పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలు ఉన్నాయి. 36 పేజీల కొత్త పాస్‌పోర్టుకు ఫీజు 1,500 రూపాయలు. తత్కాల్ అయితే మరో 2,000 కట్టాలి. అంతకు మించి ఎవరైనా అడిగితే అది సర్కారు ఫీజు కాదు, మధ్యవర్తి కమీషన్.

పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. లేదంటే చాలా దేశాలు రానివ్వవు. విమానం దగ్గరే ఆపేసే ఛాన్స్ ఉంది.

ఇక అసలు సంగతి. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు చివరి పేజీలో 'ఈసీఆర్' అని ముద్ర ఉంటుంది. అంటే ఉద్యోగానికి వెళ్లే ముందు ప్రభుత్వ ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి అని అర్థం. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ఈ నిబంధన 18 దేశాలకు వర్తిస్తుంది. యూఏఈ, సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌తో పాటు మలేసియా, థాయ్‌లాండ్, ఇండోనేసియా, ఇరాక్, జోర్డాన్ లాంటివి అందులో ఉన్నాయి. సింగపూర్ ఈ లిస్టులో లేదు.

పాస్‌పోర్టు తీసుకున్నాక పదో తరగతి పాసైనవాళ్లు సర్టిఫికెట్ చూపించి మళ్లీ జారీకి దరఖాస్తు చేస్తే ఈ ముద్ర పోతుంది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళలు ఈ దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి.

'ముందు విజిట్ వీసా మీద ఎక్కేయ్ తమ్ముడూ!'

ఏజెంటు నోట ఈ మాట వస్తే అక్కడే ఆగిపోవాలి. విజిట్ వీసా మీద పని చేయడం నేరం. పట్టుబడితే జైలు, జరిమానా, ఆ తర్వాత దేశ బహిష్కరణ. పని చేయించుకుని జీతం ఎగ్గొట్టినా అడిగే హక్కు కష్టమవుతుంది. ఎందుకంటే కాగితాల్లో ఆయన కార్మికుడే కాదు, పర్యాటకుడు. పైగా ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోకుండా వెళ్తారు కాబట్టి, ఆ అనుమతితో వచ్చే బీమా కూడా ఉండదు.

2024 మే నెలలో బయటపడిన కాంబోడియా ఉదంతం ఉత్తరాంధ్రకు ఇంకా గుర్తుంది. కంప్యూటర్ డేటా ఎంట్రీ ఉద్యోగం అని నమ్మించి తీసుకెళ్లిన యువకులతో అక్కడ సైబర్ మోసాలు చేయించారు. విశాఖ పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశారు. బాధితులు విడతలవారీగా విశాఖ విమానాశ్రయంలో దిగారు. ఆఫర్ లెటర్‌లో కంపెనీ పేరు, అడ్రస్ లేకుండా 'మంచి జీతం, ఫ్రీ రూమ్' అని మాత్రమే ఉంటే అనుమానించాల్సిందే.

ఏజెంటు అసలోడా, కాదా?

విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. లైసెన్సు నంబరును ఈమైగ్రేట్ పోర్టల్‌లో కొడితే రెండు నిమిషాల్లో నిజం తెలుస్తుంది. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టం దృష్టిలో ఏ గుర్తింపూ లేదు. 'ఫలానా ముంబయి కంపెనీ మనిషిని' అని చెప్పినా సరే.

లైసెన్సున్న ఏజెంటు కార్మికుడి దగ్గర సర్వీసు ఛార్జీగా గరిష్ఠంగా 30,000 రూపాయలు మాత్రమే తీసుకోవాలి. దానిపై జీఎస్టీ అదనం. రసీదు ఇవ్వాలి. లక్ష, రెండు లక్షలు నగదుగా చేతిలో పెట్టేసి, రేపు ఫిర్యాదు చేద్దామంటే చూపించడానికి ఏమీ ఉండదు. డబ్బు బ్యాంకు ద్వారానే పంపాలి. కనీసం వాట్సాప్ మెసేజ్‌లైనా తుడిచేయకూడదు.

ఏపీ ప్రభుత్వానికి చెందిన ఓంక్యాప్ కూడా విదేశీ ఉద్యోగాలకు ఎంపికలు చేస్తుంది. ఈసీఆర్ దేశాలకు వెళ్లే నర్సులు ఇలాంటి ప్రభుత్వ సంస్థల ద్వారా వెళ్లడమే పద్ధతి.

ఒప్పందంలో ఏం ఉండాలి?

జీతం ఎంత, ఏ కరెన్సీలో ఇస్తారు, రోజుకు ఎన్ని గంటలు, ఓవర్‌టైమ్ లెక్కేంటి, తిండి, గది ఎవరిది, సెలవుకు టికెట్ ఎవరు కొంటారు. ఇవన్నీ సంతకానికి ముందే కాగితం మీద కనిపించాలి. ఇక్కడ ఒక ఒప్పందం చూపించి, దిగాక తక్కువ జీతంతో ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకోవడం పాత మోసం. అందుకే ఇక్కడ సంతకం పెట్టిన కాపీ ఒకటి ఇంట్లో ఉంచాలి.

సింగపూర్ వెళ్లేవాళ్లకు 'ఐపీఏ' లెటర్ వస్తుంది. జీతం, కోతలు అందులో ఉంటాయి. అది అసలైనదో కాదో సింగపూర్ మానవ వనరుల శాఖ వెబ్‌సైట్‌లో చెక్ చేసుకోవచ్చు.

275 రూపాయలు.. 10 లక్షల బీమా

ఈసీఆర్ కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పన్నులు అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల కవరేజీ ఉంటుంది. కానీ పాలసీ నంబరు ఇంట్లో ఎవరికీ తెలియకపోతే ఏం లాభం? నామినీ పేరు సరిగా రాయించి, పాలసీ కాపీ భార్యకో, అమ్మకో ఇచ్చి వెళ్లాలి.

ఉద్దానం వాళ్లు ఈ పరీక్ష మరవొద్దు

గల్ఫ్ దేశాలకు వెళ్లాలంటే 'వాఫిద్' వ్యవస్థలో నమోదైన సెంటర్లలోనే మెడికల్ చేయించుకోవాలి. అక్కడ 'అన్‌ఫిట్' అని వస్తే ఏజెంటుకు కట్టిన డబ్బు వెనక్కి రావడం కష్టం. అందుకే డబ్బు కట్టే ముందే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో సొంతంగా పరీక్షలు చేయించుకోవడం తెలివైన పని.

ఉద్దానం ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం. ఇక్కడ దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఇంటింటి బాధ. మొదట్లో లక్షణాలేవీ కనిపించవు. సీరమ్ క్రియాటినిన్ రక్తపరీక్షతో బయటపడుతుంది. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి అందుబాటులో ఉన్నాయి. కిడ్నీ ఇప్పటికే దెబ్బతిన్న మనిషి ఎడారి ఎండలో, నీళ్లు చాలక పని చేస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. ఒళ్లు నొప్పులకు డాక్టర్ చెప్పకుండా పెయిన్ కిల్లర్లు మింగడం కూడా కిడ్నీకి చేటే.

ఎండ విషయంలో చట్టం కార్మికుడి వైపే ఉంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట పని నిషేధం. సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 వరకు. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరి వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా. ఈ టైమ్‌లో ఆరుబయట పని చేయమంటే కుదరదని చెప్పొచ్చు.

బ్యాగులో ఇవి పెట్టొద్దు!

కొబ్బరి తోటల సీమ నుంచి వెళ్తూ ఎండుకొబ్బరి పెట్టకుండా ఉండటం కష్టమే. కానీ విమానంలో అది నిషిద్ధం. నూనె ఎక్కువ కాబట్టి దానంతట అదే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. చేతి బ్యాగులోనే కాదు, లగేజీలో కూడా కుదరదు. పలాస జీడిపప్పుకు ఆ ఇబ్బంది లేదు.

గసగసాలు అస్సలు వద్దు. వంటింట్లో మసాలా దినుసే కావొచ్చు, యూఏఈ, సౌదీ, సింగపూర్‌లలో మాత్రం మాదకద్రవ్యాల చట్టం కిందకు వస్తుంది. అమ్మ చేసిచ్చిన మసాలా పొడిలో కలిపారేమో కూడా అడగాలి. గుట్కా, ఖైనీ కూడా వదిలేయాల్సిందే. చికెన్ పచ్చడి సింగపూర్‌కు పనికిరాదు. ఆవకాయ లాంటి నూనె పచ్చళ్లు చేతి బ్యాగులో కాకుండా లగేజీలో, గట్టిగా సీల్ చేసి పెట్టాలి. పవర్ బ్యాంకు మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి.

ట్రమడాల్, కొడీన్ ఉన్న మందులపై గల్ఫ్‌లో కఠిన ఆంక్షలున్నాయి. ఏ మందైనా డాక్టర్ చీటీతో, అసలు ప్యాకింగ్‌లోనే తీసుకెళ్లాలి. ఎయిర్‌పోర్టులో ఎవరైనా 'ఈ ప్యాకెట్ మా తమ్ముడికి ఇచ్చేయ్ బాబూ' అంటే మొహమాటం లేకుండా వద్దనాలి. సింగపూర్‌లో డ్రగ్స్ రవాణాకు ఉరిశిక్ష ఉంది.

ఎక్కే ముందు రోజు

సింగపూర్, మలేసియా, థాయ్‌లాండ్ వెళ్లేవాళ్లు దిగడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్ అరైవల్ కార్డు నింపాలి. ఇది ఉచితం. డబ్బు అడిగే సైట్ అధికారికం కాదు.

ఇండియా సిమ్‌ను రోమింగ్‌లో బతికించుకోవాలి. అది ఆగిపోతే బ్యాంకు ఓటీపీ రాదు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా ఫొటోలు ఫోన్లో ఒక సెట్టు, ఇంట్లో ఒక సెట్టు ఉండాలి. రూపాయల నోట్లు 25,000కు మించి వెంట తీసుకెళ్లకూడదు.

దిగాక పాస్‌పోర్టు కంపెనీ లాక్కోవడం గల్ఫ్ దేశాల చట్టాల ప్రకారం కూడా తప్పే. ఇబ్బంది వస్తే విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు, లేదా భారత రాయబార కార్యాలయానికి వెళ్లొచ్చు.

ఈ నంబర్లు సేవ్ చేసుకోండి

ప్రవాసీ కార్మికుల టోల్ ఫ్రీ హెల్ప్‌లైన్: 1800 11 3090
ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ, 24 గంటలూ: 0863 2340678
ఏపీఎన్‌ఆర్‌టీ వాట్సాప్: 85000 27678
పాస్‌పోర్టు సమాచారం: 1800 258 1800

ఈ నంబర్లు వెళ్లే మనిషి ఫోన్లో ఉంటే చాలదు. ఫోన్ పోయినా, ఎవరైనా లాక్కున్నా ఇంటి నుంచి కాల్ చేయాల్సింది వాళ్లే కాబట్టి, ఊళ్లో ఉండే కుటుంబ సభ్యుల దగ్గర కూడా ఉండాలి.